నీళ్లలో వదిలేసిన చేతిరాయి

మా ఇంటికి గాజులాయన వచ్చే రోజంటే చిన్నప్పుడు నాకు గుబులుగా ఉండేది. ఆయన మంచివాడే. ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకు దిగి, భుజం మీది గాజుల మలారం మా అరుగు మీద దించి, చెంబెడు నీళ్లు తాగి, ముందు మా అమ్మ చెయ్యి అందుకునేవాడు. అమ్మ తర్వాత జేజి వచ్చి ఆయన ఎదురుగా కూచునేది. అంతవరకూ గలగలమంటున్న వీధి ఆడవాళ్లు ఒక్కసారిగా మాటలు తగ్గించేవాళ్లు. నాకు గుబులు ఆ నిశ్శబ్దం వల్ల.

జేజి మా నాయనను కన్నతల్లి. ఆమె భర్త, అంటే నేను ఎన్నడూ చూడని మా తాత, పట్టాళంలో సిపాయి. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన్ను పడమటి సరిహద్దుకు పంపారు. యుద్ధం అయిపోయింది, మనం గెలిచామన్నారు, ఆయన మాత్రం రాలేదు. శవం రాలేదు. చనిపోయాడన్న కబురూ రాలేదు. ‘కనబడలేదు’ అన్న ఒక్క మాట వచ్చింది. అప్పటికి జేజికి ఇరవై ఏళ్లు కూడా లేవు. నాయన కడుపులో ఉన్నాడు. కనబడని మనిషి ఎప్పుడైనా కనబడొచ్చు కదా అని జేజి బొట్టు తుడవలేదు, గాజులు తీయలేదు.

“ఏ రంగు వేయమంటావు పెద్దమ్మా?” అని గాజులాయన ప్రతిసారీ అడిగేవాడు, జవాబు తెలిసి కూడా.

“పచ్చవే వెయ్యప్పా. ఆయనకు పచ్చవంటేనే ఇష్టం.”

ఇష్టం అనేది. ఇష్టముండేది అని ఏనాడూ అనలేదు.

ఎదురింట్లో ఒక అవ్వ ఉంది. మొగుడు పాము కరిచి పోయాడు. నోరు పెద్దది. వీధి ఊరుకున్నా ఆమె ఊరుకునేది కాదు. “అక్కా, ఆయన వచ్చి చూసే తలికి నీ చేతులు కట్టెలైతాయి” అనేది.

“కట్టెలైతే కానీలే. కట్టెకైనా గాజు నిలుస్తాది. నీ నోట్లో మాట నిలవదు గానీ.”

అందరూ నవ్వేవాళ్లు. జేజి కూడా. కానీ గాజులు వేయించుకుంటున్నంతసేపూ ఆమె కళ్లు చేతి మీదే ఉండేవి.

తాతది ఒకే ఒక్క ఫోటో ఉంది. పట్టాళం వాళ్లంతా వరుసల్లో నిలబడి తీయించుకున్నది. అందులో తాత ముఖం జొన్నగింజంత. మా నాయన ఆ జొన్నగింజను చూసే తండ్రిని ఊహించుకోవాలి. పింఛను రావాలంటే మనిషి పోయినట్టు ఒప్పుకుని వేలిముద్ర వేయాలన్నారట. జేజి చాలా ఏళ్లు వేయలేదు. అందుకని నాయన బడి మానేసి గొర్ల వెంట పోయాడు. చివరికి ఒకసారి తహసీల్దారు ఆఫీసులో వేసింది గానీ, ఇంటికి వచ్చి అందరి ముందూ చెప్పిందట. “కాగితానికి చచ్చిపోయినాడు. నాకు కాదు.”

నాయన ఈ సంగతి కోపంగా చెప్పడు. ఎండల గురించి, వానల గురించి చెప్పినట్టు చెబుతాడు. నేను మా ఇంట్లో డిగ్రీ దాకా చదువుకున్న మొదటిదాన్ని. నాయన గట్ల మీద నిలబడాల్సి వచ్చిన పొద్దులన్నీ నా పుస్తకాల వెనక ఉన్నాయని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మా పాత ఊరు పెన్న పక్కన ఉండేది. ఇప్పుడు గండికోట జలాశయం కింద ఉంది. ఊరి బయట, మందలు మేతకు బయల్దేరే దారిలో, రెండు రాళ్లు ఉండేవి. మొదటిది వీరుని రాయి. నా ఎత్తున ఉండేది. కత్తి పట్టుకున్న మనిషి, కాళ్ల దగ్గర పొట్టేలు, పైన అతన్ని రెండు చేతులా పట్టుకుని ఆకాశానికి తీసుకుపోతున్న ఇద్దరు ఆడవాళ్లు. ఏ రాజు యుద్ధంలో పోయాడో, ఏ పాలెగాడి కోసం పోయాడో ఎవరికీ తెలియదు. మా గొర్లకాపరుల ఇళ్లకు ఆయనే మొదటివాడని మాత్రం అంటారు. మంద ఊరు దాటే ముందు మొదటి పాలు ఆయన పాదాల మీద పోస్తారు.

రెండోది దానికి కొంచెం వెనకగా, పొట్టిగా ఉండేది. దాని మీద మనిషి లేదు. మోచేతి దగ్గర వంచి పైకెత్తిన ఒక ఆడచెయ్యి, అంతే. అరచెయ్యి తెరిచి ఉంటుంది, మణికట్టు నిండా గాజులుంటాయి. ఆ వీరుని భార్యదని చెబుతారు. అతని శవంతో పాటు అగ్గిలోకి పోయిందట. దాన్ని చేతిరాయి అనేవాళ్లం. పాలు పోసేవాళ్లు దాని దగ్గరికి పోరు. మొగవాళ్లు అసలే పోరు. మా ఇళ్లలో ఏ ఆడమనిషికైనా మొగుడు పోతే, ఆమెను ఇంకో మొగుడు లేని మనిషి అక్కడికి తీసుకుపోయి, ఆ రాయికి కొట్టి గాజులు పగలగొట్టాలి. అది మా ఆచారం. అందుకే ఆ రాయి కింద మట్టిలో ఎన్ని తరాలవో గాజుముక్కలు. చిన్నప్పుడు ఎండపొద్దున దూరం నుంచి చూస్తే ఎరుపు, పచ్చ, నీలం మెరిసేవి. నాకు ఆ రంగులు చాలా నచ్చేవి. ఏరుకుందామని పోబోతే అమ్మ జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు నేను పెద్ద తరగతిలో ఉన్నాను. తలుపులు, వాసాలు, రోళ్లు, కోళ్ల గంపలు అన్నీ ట్రాక్టర్లకెక్కాయి. మొగవాళ్లంతా కలిసి వీరుని రాయిని తవ్వి, తాళ్లు కట్టి, గడ్డి పరిచిన ట్రాలీలో పడుకోబెట్టారు. తర్వాత ఒకాయన రెండో రాయి వైపు చూశాడు.

“దీన్నేం చేద్దామప్పా?”

“దాన్నెందుకు మామా కొత్తూరికి? శుభమా అని పోతాంటే ముండమోసిన రాయిని నెత్తిన పెట్టుకోని పోతామా?”

“ఈడనే వదిలేస్తే నీళ్లలో పోతాది.”

“పోతే పోనీ. అది లేకపోతే మన పెండ్లాలు మనల్ని ఇంకా కొన్ని దినాలు బతకనిస్తారు.”

నవ్వుకున్నారు. ట్రాక్టరు కదిలింది. అట్లా వీరుడు మాత్రం కొండాపురం దగ్గరి పునరావాస కాలనీకి వచ్చాడు. కాలనీ మొదట్లో సిమెంటు గద్దె కట్టి నిలబెట్టి, వెండిరంగు పెయింటు వేశారు. పొట్టేలుకు నల్లరంగు. చెయ్యి నీళ్లలో ఉండిపోయింది.

ఆ రోజు జేజి సామాన్ల మీద కూచుని ఉంది. ఎదురింటి అవ్వతో మెల్లగా చెప్పడం నేను విన్నాను. “పోనీలే మే. ఇంగ నన్ను ఆడికి రమ్మని ఎవురూ పిలవరు.” ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన తేలికదనం ఊరు పోగొట్టుకున్న మనిషిది కాదు. నేను ఆ సాయంత్రం డైరీలో ఇంటి గురించి రాయలేదు. ఆ ముఖం గురించి రాశాను.

అన్న ఇంటర్ తర్వాత పట్టాళంలో చేరాడు. కడపలో పరుగు పందెం నెగ్గి, కాలి గోరు ఊడిపోయి, కుంటుకుంటూ ఇంటికి వచ్చి చెప్పాడు. అమ్మ ఏడ్చింది. నాయన మంద దగ్గరికి పోయాడు. జేజి మాత్రం ఏడవలేదు. “పోయేముందు నీ ఒక్కని ఫోటో తీయించుకో నాయనా. పెద్దది. మొగం బాగా కనపడాల” అంది. అన్న ప్రొద్దుటూరు పోయి తీయించుకుని వచ్చాడు. అది ఇప్పటికీ మా నడవలో ఉంది.

తర్వాత పులివెందుల నుంచి వదిన వచ్చింది. నెమ్మది మనిషి. అన్న సెలవు అయిపోయి వెళ్లాక, రోజూ పొద్దున ఫోన్లో అతని ముఖం చూసి గానీ టీ తాగేది కాదు.

నేను ప్రొద్దుటూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. పాఠాల్లో ప్రతి యుద్ధానికీ కారణాలు, ఫలితాలు అని రెండు శీర్షికలు ఉంటాయి. ఫలితాల కింద ఎవరు గద్దెనెక్కారో, ఏ కోట ఎవరి చేతికి వచ్చిందో ఉంటుంది. గండికోట ఎన్ని చేతులు మారిందో పిల్లలు వరుసగా అప్పజెబుతారు. వాళ్లు చెబుతున్నప్పుడు నాకు ఆ పొట్టిరాయే గుర్తొస్తుంది. ఆమె పేరు ఏ శీర్షిక కిందా లేదు. ఈ మాట నేను తరగతిలో ఎప్పుడూ అనలేదు. పిల్లల ముందు కూడా నాకు గొంతు సరిగా పెగలదు.

మొన్నటి ఎండాకాలం, బడికి సెలవులు. సెలవుల్లో మాకు ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు అడిగే పని ఉంటుంది. నేను జమ్మలమడుగులో ఒక వీధిలో పాంప్లెట్లు పట్టుకుని తలుపు కొట్టడానికి మొహమాటపడుతూ నిలబడి ఉన్నాను. పక్కన టీ అంగట్లో టీవీ గట్టిగా పెట్టి ఉంది. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయని చెబుతున్నారు. అంగట్లో వాళ్లకు హుషారుగా ఉంది.

“ఈసారి ఇడిసిపెట్టకూడదప్పా. ఒక్కడు మిగలకూడదు.”

“నువ్వు పోతావా మరి?”

“నాకు షుగరు కదా మామా. లేకుంటే పోయింటా.”

నేను పాంప్లెట్లు సంచిలో పెట్టేసి బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి వదిన గడపలో కూచుని ఉంది. ఏడో నెల. అన్న రెండు పొద్దుల కిందట ఫోన్లో, “కొన్నాళ్లు ఫోను కలవకపోతే కంగారుపడొద్దండి” అన్నాడట. అప్పటి నుంచి కలవలేదు. పులివెందుల నుంచి వాళ్ల అమ్మానాయనలు కారు మాట్లాడుకుని కాన్పుకు తీసుకుపోవడానికి వచ్చారు. వదిన కదల్లేదు. “ఆయన గొంతు వినిందాకా ఈ గడప దాటను” అంది. వాళ్లు ఇంత తిని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు.

ఇంట్లో టీవీ ఆపేశాం. అయినా పక్కింటి టీవీ వినిపించేది. రోజులు ఎట్లా నడిచాయో చెప్పలేను. అమ్మ అన్నం వండి, వండిన సంగతి మరిచిపోయి మళ్లీ బియ్యం కడిగేది.

ఆ ఎండాకాలం జలాశయం నీళ్లు కిందికి వదిలారు. అంచున ఉన్న మా పాత ఊరి జాగా బయటపడిందని మేకల వాళ్లు చూసి వచ్చి చెప్పారు. గోడల మొదళ్లు కనిపిస్తున్నాయట. చేతిరాయి కూడా కనిపిస్తోందట. ఈ రెండో మాట కాలనీలో నీళ్ల ట్యాంకరు దగ్గర నుంచి మొదలై ఇంటింటికీ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ ఇంకో మాటను వెంటేసుకుంది. అందరి గాజులూ ఆ రాయికి అందాయి, ఒక్క ఇంటివే అందలేదు, అందుకే అది మళ్లీ పైకి లేచింది, ముసలామెవి అందకపోతే కడుపుతో ఉన్న పిల్లవి అడుగుతుంది. ఈ మాట అమ్మ చెవిన పడింది.

అమ్మ ఒక రోజంతా ఓర్చుకుంది. మరునాడు సాయంత్రం జేజి గొర్ల కొష్టంలో గొర్రెపిల్లకు పాలు తాపుతుంటే వెళ్లి ఆమె ఎదురుగా కూచుంది. నేను గాబు దగ్గర గిన్నెలు తోముతున్నాను.

“అత్తా, ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి నేను నిన్ను ఒక్క మాటన్నా అన్న్యానా?”

“అనలేదు.”

“ఇప్పుడొకటి అడుగుతా. కోపం చేసుకోవాకు.”

జేజి గొర్రెపిల్ల మూతి తుడిచింది. “అడుగు.”

అమ్మ అడగలేకపోయింది. జేజి చేతులు పట్టుకుని, ఆ పచ్చ గాజుల మీద నుదురు ఆనించి ఏడ్చింది. జేజికి అర్థమైంది. కాలనీలో తిరిగే మాట ఆమె చెవిన పడకుండా ఉంటుందా.

“మామ ఇంగ రాడత్తా,” అంది అమ్మ. “నీకూ తెలుసు. నా కొడుకును రానియ్యి.”

వదిన తలుపు దగ్గర ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలేదు. “నా కోసం వద్దు జేజీ,” అంది. “అట్లాంటివి ఏం ఉండవు.”

“నువ్వు లోపలికి పోమ్మా,” అని అమ్మ కసిరింది. వదిననే కాదు, ఎవరినీ అమ్మ అట్లా కసరడం నేను చూడలేదు.

జేజి నాయనను పిలిపించింది. ఆయన వచ్చి నిట్టాడి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

“నువ్వేమంటావు రా?”

“నేనేం చెప్పేదమ్మా. నాకాయన మొగమే తెల్దు. వస్తాడని యా పొద్దూ అనుకోలేదు. రాడనీ అనుకోలేదు.” నాయన తలగుడ్డ దులుపుకుని, “నీ ఇష్టం” అని బయటికి వెళ్లిపోయాడు.

నాకు చెప్పాలనిపించింది. రాయికీ ఫోనుకూ సంబంధం లేదని, అన్నకు ఏదన్నా అయి ఉంటే ఇప్పటికే అయి ఉంటుందని, అయి ఉండకపోతే ఇక్కడ గాజులు పగిలినా పగలకపోయినా ఒకటేనని. అమ్మ ముఖం చూసి ఆ మాట అనలేదు. ఎందుకంటే నా లోపల కూడా ఒక మూల, ఏమో, ఎందుకైనా మంచిది అన్న మాట ఉంది. పుస్తకాలన్నీ ఒక వైపు, అన్న ఒక వైపు. ఆ పూట పుస్తకాలు తేలిపోయాయి.

తెల్లవారి జేజి తలకు పోసుకుని బయటికి వచ్చింది. జుట్టు ముడేసుకుని, బొట్టు ఎప్పటికన్నా పెద్దగా పెట్టుకుంది.

“పాపా, నీళ్ల చెంబు పట్టుకోని నాతో రా. అమ్మ రాకూడదు.”

ఎదురింటి అవ్వను ముందే పిలిచినట్టుంది. ఆచారం ప్రకారం జేజిని తీసుకుపోయి గాజులు పగలగొట్టాల్సింది ఆమే. ముగ్గురం ఆటో ఎక్కాం. ఆటో అబ్బాయి ఎక్కడికని అడిగితే అవ్వ, “మా పాతింటికి పోతాండాం నాయనా. తాళం యేసినామో లేదో చూసుకోని వస్తాం” అంది. జేజి నవ్వింది.

తారు రోడ్డు ఆగిపోయిన చోట ఆటో ఆగింది. అక్కడి నుంచి నడక. నీళ్లు దూరంగా, తళతళమంటూ ఉన్నాయి. వదిలివెళ్లిన నేలంతా పెచ్చులుగా పగిలి, నత్తగుల్లలతో తెల్లగా ఉంది. మొండి గోడలు మోకాలెత్తున కనిపించాయి. ఎవరి ఇల్లు ఏదో జేజి చెప్పుకుంటూ నడిచింది. మా ఇంటి దగ్గర ఆగలేదు. ఎండిపోయిన కంపచెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి.

“పెండ్లి కావాల్సిన పిల్లవు, నువ్వు ఈడనే ఉండు పాపా,” అంది అవ్వ, రాయి కనిపించేంత దూరంలో. నేను ఆగాను. కానీ అక్కడ ఒండ్రు ఇంకా గట్టిపడలేదు. రెండడుగులు వేయగానే జేజి కాలు దిగబడి తూలింది. నేను చెంబులో నీళ్లు ఒలుకుతున్నా చూడకుండా పరుగెత్తి ఆమె జబ్బ పట్టుకున్నాను. అవ్వ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. అట్లా నేను కూడా వెళ్లాను.

రాయి సగానికి పైగా ఒండ్రులో కూరుకుపోయి ఉంది. మోచెయ్యి కనిపించలేదు. మణికట్టు, దాని గాజులు, తెరిచిన అరచెయ్యి మాత్రమే పైకి ఉన్నాయి. మునిగిపోతున్న మనిషి చెయ్యెత్తినట్టు అనిపించి నేను చూపు తిప్పుకున్నాను. జేజి కూచుని రెండు చేతులతో ఒండ్రు తీయడం మొదలుపెట్టింది. మేమూ తీశాం. పాతవి, చిన్న చిన్న గాజుముక్కలు వేళ్లకు తగిలాయి. చిన్నప్పుడు నేను ఇష్టపడ్డ ఆ రంగులన్నీ ఒండ్రులో మసకబారి ఉన్నాయి. మోచెయ్యి బయటపడ్డాక జేజి చెంబులో మిగిలిన నీళ్లతో రాయిని కడిగింది.

“చూడు మే,” అంది అవ్వతో, రాతి గాజుల మీద వేలు పెట్టి. “దీనివి పగల్లేదు. ఎందుకో తెల్సునా? అగ్గిలో పోయింది కాబట్టి. బతికినోళ్లవే పగలాల.”

అవ్వ తల వంచుకుని వేళ్లకంటిన ఒండ్రు తుడుచుకుంది. అంత నోరున్న మనిషి.

“జేజీ,” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. “నీకు ఇష్టం లేకపోతే పోదాం పా. మేం ఇంట్లో చెప్పంలే. గాజులు సంచిలో పెట్టుకుందువు.”

జేజి నా వైపు చూసింది. కోప్పడలేదు. “దాన్ని మోసం చేసి వాణ్ణి తెచ్చుకునేదా పాపా?” అంది. తర్వాత రాయి వైపు తిరిగి, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడింది. “ఒకణ్ణి ఇస్తాండా. ఒకణ్ణి అడుగుతాండా. అంతే.”

కుడిచెయ్యి చాపింది. అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది. ఎన్నిసార్లు ఎంతమందివి పగలగొట్టిందో ఆ అవ్వ. జేజిని జీవితమంతా ఎగతాళి చేసింది కూడా ఆమే. పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

“నా చేతులు రావడం ల్యాదక్కా,” అంది.

“కానియ్యి మే.”

“నీవి ఉండాయిలే అనుకుంటా ఉన్న్యానక్కా ఇన్నాళ్లూ. మనందరిలో ఒకదానివన్నా ఉండాయిలే అని.” అవ్వ చెయ్యి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జేజి తనే కొట్టుకుంది. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి. చప్పుడు నేను అనుకున్నంత లేదు. పచ్చముక్కలు తడి ఒండ్రు మీద పడ్డాయి. మణికట్టు దగ్గర కొంచెం నెత్తురొచ్చింది. నేను చున్నీతో అద్దాను. ఆమె బొట్టు తనే తుడుచుకుంది. అప్పుడు ఏడ్చింది. పోయినవాళ్లను పేరు పెట్టి పిలిచి ఏడ్చే ఏడుపు మా వైపు ఉంది. ఆ ఏడుపు ఆమె ఏనాడూ ఏడవలేదు. ఇప్పుడు, ఎవరూ లేని ఊరి బయట, నీళ్లు వినేటట్టు ఏడ్చింది. అవ్వ శ్రుతి కలిపింది. మా తాత మంద తోలుకుపోతూ ఈల వేసేవాడని, చద్దిలోకి ఎర్రగడ్డ లేకపోతే అలిగేవాడని నాకు ఆ ఏడుపులోనే మొదటిసారి తెలిసింది. అంతవరకూ ఆయన జొన్నగింజ. ఆ పూట మనిషయ్యాడు, ఆ పూటే పోయాడు.

ఆ వారం దాటక ముందే కాల్పులు ఆగాయి. అన్న ఫోన్ చేశాడు. వదిన ఫోను చెవికి పెట్టుకుని ఏడుస్తుంటే అమ్మ లాక్కుంది. “బాగుండా మా. నాకేం కాలేదు. మొదట్లోనే మా ఫోన్లన్నీ తీసిపెట్టుకున్యారు, అంతే” అన్నాడు. స్పీకరులో అందరం విన్నాం. అమ్మ పరుగెత్తుకుపోయి జేజి కాళ్ల మీద పడింది. ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు ‘చూస్తిరా’ అనుకున్నారు. మరుసటి రోజే వదినను పులివెందుల తీసుకుపోయారు. పోయేటప్పుడు ఆమె జేజి ముందు నిలబడి తన చేతులు కొంగులో దాచుకుంది. ఆ చేతుల నిండా గాజులున్నాయి.

జేజి మాత్రం అన్న మాటల్లో ఒకదాన్ని పట్టుకుంది. ఆ సాయంత్రం నా పక్కన వచ్చి కూచుని, బోసి మణికట్టు రుద్దుకుంటూ అడిగింది.

“పాపా, ఫోన్లు ముందే తీసిపెట్టినారన్యాడు కదా. అంటే వానికి మొదటి నుంచీ ఏం కాలేదా?”

చదువుకున్నదాన్నని నన్నడిగింది. నేను ఏం చెప్పినా ఏదో ఒకటి పోతుంది. ఏం కాలేదంటే తాత ఊరికే పోతాడు. ఏదో గండం తప్పిందంటే నేను అబద్ధం చెప్పినట్టు.

“ఆడ ఏమయిందో మనకు ఎవురు చెప్తారు జేజీ,” అన్నాను.

“అంతేలే,” అంది. “ఎవురూ చెప్పరు.” లేచి గొర్రెపిల్ల దగ్గరికి పోయింది.

అన్న సెలవు మీద వచ్చేసరికి వదినకు ఆడపిల్ల పుట్టింది. పులివెందులలో బిడ్డను చూసుకుని ఇంటికి వచ్చాడు. సన్నబడ్డాడు. కాలనీ మొదట్లో వెండిరంగు వీరుని దగ్గర కుర్రాళ్లు దండ వేయబోతే వద్దని తోసేసి, నేరుగా ఇంట్లోకి వచ్చి జేజి మంచం మీద కూచున్నాడు. ఆమె చెయ్యి అందుకుని ఆగాడు.

“గాజులేవి జేజీ?”

అమ్మ వంటింట్లో ఉంది. గిన్నె చప్పుడు ఆగిపోయింది.

“బిగుతైనాయి నాయనా. తీసేసినా.”

అన్న ఆమె మణికట్టు చుట్టూ బొటనవేలు, చూపుడువేలు కలిపాడు. రెండూ కలిశాక కూడా లోపల ఇంకో వేలు పట్టేంత సందు ఉంది. అతనూ ఈ ఇంటివాడే. గాజులు ఎక్కడ తీస్తారో అతనికి తెలుసు. ఆ చెయ్యి వదల్లేదు.

అక్కడి సంగతులు అడిగితే తల అడ్డంగా ఊపేవాడు. ఒక్కటి మాత్రం, భోజనాలయ్యాక, అడగకుండానే చెప్పాడు. కాల్పులు జరుగుతున్నప్పుడు ఒక గొర్ల మంద వాళ్లున్న వైపు వచ్చిందట. బెదిరిపోయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.

“వెనకాల మనిషి లేడు,” అన్నాడు.

“ఎవురివి?” అని నాయన అడిగాడు.

“తెల్దు నాయనా. ఏ పక్కవో కూడా తెల్దు. చెవులకు గుర్తుకు కోసిన గంట్లు ఉండాయి గానీ అవి మన గంట్లు కాదు.”

మంద ముందు వస్తే వెనక మనిషి ఉంటాడని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు.

“చూసినారా మరి?” అని అడిగింది జేజి. “ఆ మనిషి కోసం?”

“చూసినాం జేజీ. కనబడలేదు.”

జేజి బోసి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూచుంది. అన్న వైపు చూసి అంది.

“ఆ మనిషి పెండ్లాం యాడుందో. పొద్దుగూకితే వస్తాడని చూస్తాంటాది. ఆయమ్మకు ఎవురన్నా చెప్పండి నాయనా, అప్పుడే గాజులు తీయొద్దని.”